అత్తగారు కట్టిన పొట్లాలు

స్కూలు లైబ్రరీలో పుస్తకాలు లేకుండా పోయి అప్పటికి రెండు నెలలైంది. సెలవుల్లో పైకప్పు మీది నీళ్ళ ట్యాంకు గొట్టం పగిలింది. ఎవరూ చూసుకోలేదు. తాళం తీసేసరికి నీళ్ళు గోడల వెంట, బీరువాల వెనక నుంచి, అరల్లోకి దిగిపోయాయి. నాలుగు వేల పుస్తకాలూ కడుపునిండా తాగి ఉబ్బిపోయి ఉన్నాయి.

ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో పనిచేస్తున్న లైబ్రేరియన్ ఆ రోజు ఏడవలేదు. కొంగు నడుముకి దోపుకుని, ఏ పుస్తకంలో ఏ పేజీ చిరగకుండా వస్తుందో చూసి, ఒక్కొక్కటే ఒలుచుకుంటూ కూర్చుంది. అట్లాసులోంచి సముద్రాలు వచ్చాయి. జంతువుల పుస్తకంలోంచి జిరాఫీ మెడ ఒక పేజీగా, కాళ్ళు ఒక పేజీగా వచ్చాయి. కథలు మాత్రం సగం సగం వచ్చాయి. వాటన్నిటినీ కిటికీ నుంచి తలుపు దాకా పురికొస తాళ్ళు కట్టి, బట్టలారేసినట్టు క్లిప్పులు పెట్టి ఆరేసింది. అవి వారంలోనే ఆరిపోయి, అలలు తిరిగి, గాలికి గలగలమంటూ అలాగే ఉండిపోయాయి. వీటిని ఏం చేస్తారని ఎవరైనా అడిగితే "ఆరనీండి" అనేది. ఆరిపోయాయి కదండీ అంటే "ఇంకా ఆరనీండి" అనేది. ఆ తర్వాత అడగడం మానేశారు.

హెడ్మిస్ట్రెస్‌ని పిల్లలూ టీచర్లూ అందరూ పెద్దమేడమ్ అనే పిలుస్తారు. పైకప్పు బాగుచేయించి కొత్త పుస్తకాలు కొనడానికి పిల్లల కార్నివాల్ పెట్టాలని ఆవిడే అనుకుంది. రింగులు విసరడం, డబ్బాలు పడగొట్టడం, కళ్ళకి గంతలు కట్టే ఆట, ఇలా టిక్కెట్టు కొని ఆడే పది స్టాళ్ళు. గెలిచిన పిల్లలకి రంగు టోకెన్లు ఇస్తారు. పసుపుది చిన్న బహుమతికి, నీలంది మధ్యరకానికి, ఎర్రది పెద్దదానికి. బహుమతులు పోగుచేసే పని లైబ్రేరియన్‌కి అప్పగించింది. అరలు ఎలాగూ ఖాళీగా ఉన్నాయి, మీరూ ఖాళీగానే ఉన్నారు అని మొహమాటం లేకుండా అనేసింది కూడా.

సరిగ్గా అప్పుడే ఇంట్లో ఇంకో చిక్కు వచ్చిపడింది. పగలంతా అత్తగారిని కనిపెట్టుకుని ఉండే ఆడపడుచు, కూతురి కాన్పుకని నెల రోజులకి వెళ్ళిపోయింది. లైబ్రేరియన్ భర్తది బస్సు డిపోలో ఉద్యోగం, షిఫ్టు ఎప్పుడు మారుతుందో ఆయనకే తెలియదు. డెబ్బై ఎనిమిదేళ్ళ అత్తగారిని ఒంటరిగా వదలడానికి లేదు. ఒంట్లో బాగానే ఉంటుంది, నడక కూడా గట్టిదే. కానీ రెండేళ్ళుగా ఆవిడ లోపల కాలం కలగాపులగమైపోయింది. ఉదయం కొడుకు పెళ్ళి ఇంకా కాలేదంటుంది. మధ్యాహ్నానికి మనవరాళ్ళ పెళ్ళిళ్ళ గురించి దిగులు పడుతుంది. ఉన్న ఒక్క మనవరాలి కాన్పుకే ఆడపడుచు వెళ్ళింది. పెద్దమేడమ్‌ని అడిగి, అత్తగారిని వెంటబెట్టుకుని స్కూలుకి రావడం మొదలుపెట్టింది కోడలు.

మొదటి రోజు అత్తగారు లైబ్రరీ గుమ్మంలో నిలబడి, తాళ్ళ మీద ఊగుతున్న కాగితాలనీ ఖాళీ అరలనీ చాలాసేపు చూసింది. తర్వాత చెప్పులు సర్దుకుని, జుట్టు నిమురుకుని, ఈ ఏడాది స్టాకు ఆలస్యంగా వస్తోందేమిటని అడిగింది. కోడలికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. అత్తగారు ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఒక పెద్ద అంగట్లో, మెట్ల పక్కన గిఫ్టులు ప్యాక్ చేసే కౌంటర్లో పనిచేసింది. ఆవిడిప్పుడు ఆ అంగడికే వచ్చింది. కోడల్ని సూపర్‌వైజర్ అనుకుంటోంది.

"వస్తుంది, దార్లో ఉంది" అంది కోడలు. కాదని చెప్పబోతే ఇంకో గంట పడుతుంది.

నిజంగానే స్టాకు రావడం మొదలైంది. కళ్ళజోళ్ళ షాపాయన చిన్న భూతద్దాలు ఒక డబ్బాడు పంపాడు. సైకిలు షాపు నుంచి ముప్ఫై బెల్లులు వచ్చాయి. ఆయన ఏమనుకుని పంపాడో గానీ, సైకిలు లేని పిల్లాడు బెల్లుతో ఏం చేసుకుంటాడని కోడలికి అనుమానం వచ్చింది. అత్తగారు ఒకటి తీసుకుని ట్రింగుమనిపించి, ముందు బెల్లుంటే తర్వాత సైకిలు దానంతటదే వస్తుందని తేల్చేసింది. హార్డ్‌వేర్ షాపు కొలత టేపులిచ్చింది. దర్జీ ఆవిడ మిగిలిన ముక్కలతో కుందేళ్ళు కుట్టి ఇచ్చింది. వాటిలో ఏ కుందేలుకీ రెండు చెవులూ ఒక్క పొడవు లేవు. తాళం తిప్పితే గెంతే రేకు కప్పలు, బొంగరాలు, నిమ్మకాయంత గ్లోబులు, రంగు పెన్సిళ్ళు, ఒక కలైడోస్కోపు, ఒక మౌత్ ఆర్గన్ వచ్చాయి. అన్నీ కలిపి నూట అరవై దాకా తేలాయి.

లైబ్రేరియన్‌కి అలవాటు చావదు కదా. ప్రతిదానికీ కార్డు రాసి, రంగు చీటీ దారంతో కట్టి, అరల్లో పెట్టింది. కార్నివాల్ కమిటీవాళ్ళ కోసం పసుపు, నీలం, ఎరుపు విడివిడిగా ఉన్నాయి. తన కోసం మాత్రం చీటీల వెనక పెన్సిలుతో ఇంకో వర్గీకరణ రాసుకుంది. చీకటంటే భయమున్నవాళ్ళకి అని ఒకటి. తమ్ముడో చెల్లో అప్పుడే పుట్టినవాళ్ళకి అని ఒకటి. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేనివాళ్ళకి అని ఇంకొకటి. ఆ మూడో రకంలో మౌత్ ఆర్గన్ పెట్టింది. ఎవరికి ఏది వెళ్తుందో తన చేతిలో లేదని తెలుసు. అయినా రాసుకుంది.

అత్తగారు రోజూ కిటికీ దగ్గర బల్ల వెనక కూర్చునేది. ఎదురుగా కప్పల్ని వరసబెట్టి, మళ్ళీ చెదరగొట్టి, మళ్ళీ వరసబెట్టేది. మధ్యాహ్నం రెండింటికి ఎండ ఆ గదిలోకి వాలుగా వచ్చేది. తాళ్ళ మీది కాగితాల్లోంచి వడకట్టుకుని వస్తుంది కాబట్టి నేల మీద పేజీల నీడలు పడేవి. నీడలు కదులుతుంటే, ఏదో పెద్ద పుస్తకాన్ని ఎవరో నెమ్మదిగా తిరగేస్తున్నట్టు ఉండేది. ఆ వేళకి స్కూలంతా మగతలోకి జారేది. దూరంగా ఎక్కాలు చదివే గొంతులు వినబడుతూ వినబడుతూనే మాయమయ్యేవి. లైబ్రేరియన్ దారం ముడి వేస్తూ వేస్తూ, వేశానో లేదో గుర్తులేక మళ్ళీ వేసేది.

అలాంటి ఒక మధ్యాహ్నం అత్తగారు ఉన్నట్టుండి అడిగింది.

"మేడమ్, మీకు పెళ్ళయిందా?"

"అయిందండీ."

"అత్తగారు ఉన్నారా?"

"ఉన్నారు."

"ఎలాంటి మనిషి?"

లైబ్రేరియన్ చేతిలోని దారం వైపు చూసింది. అత్తగారి ముఖంలో ఎగతాళి ఏమీ లేదు. పక్క కౌంటరు మనిషిని అడిగినట్టే అడుగుతోంది. "చేతిపని గలవారు. మాట తక్కువ" అంది.

"మా కోడలు కూడా మంచిదే" అంది అత్తగారు, ఒక కప్పకి తాళం తిప్పుతూ. "కాకపోతే పుస్తకం పట్టుకుందంటే ఇక అంతే. పక్కన పాలు పొంగిపోతున్నా తలెత్తదు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. అది చదువుకుంటుంటే ఇల్లు చల్లగా ఉండేది మేడమ్. నాకేమో రోజంతా షాపులో గోల. ఇంటికెళ్ళి ఆ పిల్ల పక్కన ఊరికే కూర్చునేదాన్ని. అదెప్పుడూ చూళ్ళేదనుకోండి."

కప్ప నాలుగు గెంతులు గెంతి బల్ల అంచున ఆగింది.

"ఆ మాట కోడలితో ఎప్పుడైనా అన్నారా?"

"అత్తాకోడళ్ళం. అలాంటివెలా అనుకుంటాం?" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒకసారి దానికని ఒక పొట్లం కట్టాను. వెండిరంగు కాగితం, ఎక్కడా మడత కనబడకుండా. ఆ రోజు ఇంటికెళ్ళేసరికి ఏదో మాటా మాటా వచ్చింది. ఇవ్వలేదు. ఆ మర్నాడూ ఇవ్వలేదు. ఇక ఆలస్యమైపోయాక ఏమని ఇస్తాం?"

"అందులో ఏముంది?"

అత్తగారు కోడలి వైపు జాలిగా చూసింది. ఇంతకాలం నుంచి అంగట్లో ఉండి ఇది కూడా తెలియదా అన్నట్టు. "అది చెప్పేస్తే ఇక కట్టడమెందుకు మేడమ్?"

ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక లైబ్రేరియన్ అత్తగారి బీరువా ముందు కాసేపు నిలబడింది. పై అరలో అట్టపెట్టెలు ఉన్నాయి. స్టూలు కూడా పక్కనే ఉంది. భర్త వచ్చి ఏం వెతుకుతున్నావని అడిగితే ఏమీ లేదంది. నిజంగానే వెతకాలనిపించలేదు. ఇరవై నాలుగేళ్ళుగా తాను చదువుకుంటుంటే పక్కన ఎవరు కూర్చుని లేచి వెళ్ళారో, ఏ సాయంత్రాలు అవి, ఏ పుస్తకాలు చదువుతున్నానో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. పుస్తకాలే గుర్తొచ్చాయి.

కార్నివాల్ ఎల్లుండి అనగా, స్టాళ్ళకి మిగిలిన సామాన్లు తేవడానికి స్కూలు వ్యాన్లో వెళ్ళాల్సి వచ్చింది. అత్తగారిని చూస్తుండమని పక్క గదిలోని డ్రాయింగ్ టీచర్‌కి చెప్పి, పొద్దున పదింటికి బయల్దేరింది. ఒక షాపులో యజమాని లేడు. ఇంకో షాపులో ఉన్నాడు గానీ సామాను గోదాములో ఉంది. తిరిగొచ్చేసరికి నాలుగు దాటింది. డ్రాయింగ్ టీచర్ వరండాలోనే ఎదురొచ్చి, మీ అత్తగారు బంగారంలాంటి మనిషండీ, మూడుసార్లు తొంగిచూశాను, తలెత్తకుండా పని చేసుకుంటూనే ఉన్నారు, అన్నం కూడా బల్ల దగ్గరే తిన్నారు అని చెప్పింది.

ఏం పని అని అడిగేలోపే లైబ్రేరియన్ గదిలోకి చూసింది.

తాళ్ళు లేవు. తాళ్ళ మీది పేజీలు లేవు. కిటికీ నుంచి తలుపు దాకా గది బోసిగా, వెలుగ్గా, ఇదివరకు ఎప్పుడూ లేనంత పెద్దదిగా కనిపించింది. అరల నిండా పొట్లాలున్నాయి. నూట అరవై పొట్లాలు. సముద్రాల్లో చుట్టినవి, నక్షత్రాల పటాల్లో చుట్టినవి, జిరాఫీ మెడలో చుట్టినది, కథల సగాల్లో చుట్టినవి. ఒక్కదానికీ జిగురు లేదు, టేపు లేదు. మడతలోకి మడత దూర్చి, పురికొస ముక్కతో ఒక్క ముడి. కాగితంలోని అలలు కూడా మడతలతో కలిసిపోయి, కావాలని అలా నేసిన గుడ్డలా ఉన్నాయి. రంగు చీటీలన్నీ బల్ల మీద ఒక మూల కుప్పగా పోసి ఉన్నాయి. ధర చీటీలు గిఫ్టు మీద ఉండకూడదని అంగట్లో మొదటి రోజే నేర్పుతారు.

అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. వేలికొసలకి నల్లగా సిరా అంటి ఉంది.

"అయిపోయింది మేడమ్" అంది. "కాగితం నాసిరకం. అయినా పర్వాలేదు, లొంగింది."

లైబ్రేరియన్‌కి ముందు కోపమే వచ్చింది. ఆ పేజీలు ఆమె ఒక్కొక్కటీ తడి చేతులతో ఒలిచినవి. ఒక పొట్లం చేతిలోకి తీసుకుంది. పైన ఒక పడవ బొమ్మ, దాని కింద సగం వాక్యం ఉన్నాయి. వాక్యం మడత లోపలికి వెళ్ళిపోయింది. రెండు నెలలుగా తాళ్ళ మీద ఊగుతున్నప్పుడు ఆ పేజీలో ఏముందో తాను ఒక్కసారి కూడా చదవలేదని ఆమెకి అప్పుడు తట్టింది. ఇప్పుడు చదవాలనిపిస్తోంది. కోపం ఎటు వెళ్ళిందో తెలియలేదు. అత్తగారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. గది మెల్లగా పసుపుపచ్చగా మారి, తర్వాత గోధుమరంగులోకి దిగింది.

మర్నాడు కమిటీ అధ్యక్షుడు వచ్చి తల పట్టుకున్నాడు. ఆయనది మందుల షాపు. ఏ సీసాలో ఏముందో పైన రాసి ఉండకపోతే ఆయనకి ఊపిరాడదు. ఎర్ర టోకెన్ తెచ్చిన పిల్లకి పెన్సిల్ చెక్కేది వస్తే తల్లిదండ్రులకి ఏం సమాధానం చెప్పాలి, అన్నీ విప్పి మళ్ళీ చీటీలు కట్టాల్సిందే అన్నాడు. పెద్దమేడమ్ సరేనని ఒక పొట్లం తీసుకుని విప్పబోయింది. మొదలు ఎక్కడో దొరకలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది, కళ్ళజోడు పెట్టుకుని చూసింది. చివరికి దాన్ని జాగ్రత్తగా అరలో పెట్టేసి, "నాకు మనసు రావట్లేదండీ" అంది.

అప్పుడు లైబ్రేరియన్ ఒక దారి చెప్పింది. పసుపు టోకెన్‌కి ఒక పొట్లం, నీలానికి రెండు, ఎరుపుకి మూడు. లోపల ఏముందన్నది ఎవరి అదృష్టం వాళ్ళది. కమిటీ ఆయన కాసేపు గొణిగాడు గానీ, వెళ్ళేముందు తన చిన్నకూతురి కోసం జిరాఫీ పొట్లాన్ని పక్కన పెట్టడం కుదురుతుందా అని మెల్లగా అడిగాడు. కుదరదంది లైబ్రేరియన్.

కార్నివాల్ రోజు ఎండ కూడా మెత్తగా కాసింది. మైదానంలో డబ్బాలు పడే చప్పుడు, పిల్లల కేకలు, మైకులో ఎవరో పదే పదే తప్పిపోయిన వాటర్ బాటిల్ గురించి చెప్పడం, ఇవన్నీ లైబ్రరీ కిటికీ దాకా వచ్చేసరికి ఎక్కడో నీళ్ళకి అవతల జరుగుతున్నట్టు వినిపించాయి. అత్తగారు కిటికీ వెనక నిటారుగా కూర్చుంది. టోకెన్ తీసుకుని, పిల్ల ముఖం ఒకసారి పరీక్షగా చూసి, అరల్లోంచి ఒక పొట్లం చూపించేది. కోడలు తీసి ఇచ్చేది. "నచ్చకపోతే మార్చుకోవచ్చు. రసీదక్కర్లేదు" అని ప్రతివాళ్ళకీ చెప్పింది. ఏ ఒక్కరూ మార్చుకోవడానికి రాలేదు.

మార్చుకోవడం వేరేచోట జరుగుతోంది. పొట్లం విప్పిన పిల్లలకి బొమ్మ ఎంత ముఖ్యమో కాగితం కూడా అంతే ముఖ్యమైపోయింది. ముందుపళ్ళు రెండూ ఊడిన ఒక పాప కొలత టేపుతో పరిగెత్తుకుంటూ దొరికిన ప్రతిదాన్నీ, నిలబడ్డ ప్రతివాళ్ళనీ కొలుస్తోంది. కొలత మాత్రం ఆ కాగితం వెనకే రాసుకుంటోంది. సైకిలు బెల్లులు మైదానమంతా మోగుతున్నాయి. జిరాఫీ మెడ దొరికిన పిల్లాడు కాళ్ళ కోసం తిరిగి తిరిగి, చివరికి కాళ్ళు దొరికిన పిల్లతో కలిసి గోడకి ఆనించి చూసుకున్నాడు. ఇంకొందరు వరండాలో బోర్లా పడుకుని, ముడతలు సాపు చేసి, పేజీల నంబర్లు చూసి వరసలో పెడుతున్నారు. ఓడలో వంటవాడి కథ ఒకటి పదకొండు పొట్లాల్లో చెదిరిపోయి ఉంది. పది దొరికాయి. ఓడ మునిగి, వంటవాడు పెద్ద గిన్నెలో కూర్చుని తేలుతూ పోతుంటే ఆకాశంలో వెలుగు కనిపించింది. అక్కడితో పేజీ అయిపోయింది.

పిల్లలు గుంపుగా కిటికీ దగ్గరికొచ్చి, తర్వాత ఏమైంది మేడమ్ అని అడిగారు. ఆ పుస్తకం ఆమె చదివిందే. ఎన్నోసార్లు ఎంతోమందికి ఇచ్చిందే. ఎంత ఆలోచించినా ముగింపు గుర్తు రాలేదు. ఓడ, గిన్నె, వెలుగు అన్నీ కళ్ళముందున్నాయి, ఆ తర్వాత మాత్రం తెల్లగా ఉంది. నిజం చెప్పేసింది, నాకు గుర్తులేదని. పిల్లలు నమ్మలేనట్టు చూశారు.

"ఇంటికెళ్ళాడు" అంది అత్తగారు, టోకెన్లు దొంతి పెడుతూ. "వేణ్ణీళ్ళు పోసుకున్నాడు. పడుకున్నాడు."

పిల్లలు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఒక పిల్ల తలూపింది. అందరూ తలూపారు. గిన్నె ఏం చేశాడు అని మాత్రం ఒకడు అడిగాడు. తోమి బోర్లించాడని చెప్పింది అత్తగారు. ఆ జవాబుతో వాడికీ తృప్తి కలిగింది.

ఆ కార్నివాల్‌తో పైకప్పుకీ, కొత్త అరలకీ సరిపడా డబ్బు వచ్చింది. పుస్తకాలకి మాత్రం సగమే వచ్చింది. మిగతా సగం వచ్చే ఏడాది చూద్దామంది పెద్దమేడమ్, పొట్లాలు మాత్రం ఆవిడతోనే కట్టించాలి అని కూడా అంది. అత్తగారికి మూడో రోజుకే ఆ సంగతి గుర్తు లేదు. ఆడపడుచు తిరిగొచ్చాక ఇంట్లోనే ఉండిపోయింది. కానీ అదంతా తర్వాతి మాట.

ఆ రోజు సాయంత్రం స్టాళ్ళు విప్పేస్తుండగా అత్తాకోడళ్ళిద్దరూ బస్సెక్కారు. కిటికీ పక్క సీటు అత్తగారిది. రెండు స్టాపులు దాటేలోపే ఆవిడ తల కోడలి భుజం మీదికి వాలింది. ఇరవై నాలుగేళ్ళలో అలా వాలడం అదే మొదటిసారి. తేలిగ్గా, వెచ్చగా ఉంది. తమ స్టాపు వచ్చింది. దిగాలంటే లేపాలి. లైబ్రేరియన్ కదలలేదు. స్టాపులో నిలబడ్డ తెలిసినావిడ చెయ్యి ఊపితే, కుడిచెయ్యి కదపకుండా ఎడమచేత్తో ఊపింది. బస్సు సాగిపోయింది. తెలిసిన వీధులు అయిపోయాయి. ఇళ్ళు పలచబడ్డాయి. మనుషులు దిగిపోతూ, చివరికి బస్సులో వాళ్ళిద్దరే మిగిలారు.

ఆఖరి స్టాపులో డ్రైవరు వెనక్కి తిరిగి, ఇదే చివరండీ, ఇంకో అరగంటకి గానీ వెనక్కి వెళ్ళదు అని చెప్పాడు. ఆ మాటకి అత్తగారికి మెలకువ వచ్చింది. ఇద్దరూ దిగారు. అది ఆమె ఎప్పుడూ చూడని చోటు. విశాలమైన ఖాళీ స్థలంలో నాలుగైదు బస్సులు నిలబడి ఉన్నాయి. ఒకతను పొడవాటి గొట్టంతో వాటిని కడుగుతున్నాడు. నీళ్ళు ఎండలో పొడిలా ఎగిరి నేలమీదికి దిగుతున్నాయి. అవతల గడ్డి, ఆ తర్వాత ఆకాశం.

"ఇదెక్కడ?" అంది అత్తగారు.

"నాకూ తెలీదు."

అత్తగారు చుట్టూ చూసింది. గోడ పక్కన ఒక బెంచీ కనబడింది.

"అయితే కాసేపు కూర్చుందాం" అంది.